తొమ్మిదో స్లైడులో దుంగ

ఒక పెద్ద అడవిలో, ఫోను సిగ్నలు కూడా రావడానికి బద్ధకించే ఒక మూల, ఒక చిన్న బడి ఉండేది. ఒకటే గది. గది అంటే మరేం లేదు, చుట్టూ వెదురు పొదలు, పైన ఆకాశం. అందులో పదకొండు మంది పిల్లలు, ఒక టీచరు.

టీచరు పేరు కంటకేశ్వరి. ఏదుపంది. ఒంటినిండా ముళ్లే అయినా ఇన్నేళ్ల సర్వీసులో ఒక్క పిల్లకి ఒక్క ముల్లు గుచ్చి ఎరగదు. కోపం వస్తే ముళ్లు నిక్కబొడుచుకుని గలగలమనేవి, అంతే. ఆ చప్పుడు వింటే చాలు, పిల్లలు పలకలు సర్దుకుని బుద్ధిగా కూర్చునేవారు.

బడి వాగుకి ఇవతల. వాగుకి అవతల, రేవు దాటి వెళితే, వందల మంది పిల్లలతో మోడల్ స్కూలు. ఆ రేవులో ఉండే మొసలి పేరు జలంధరయ్య. ఇవతలి బడికి తల్లిదండ్రుల కమిటీ చైర్మన్ ఆయనే. ఆయన పిల్లలెవరూ ఆ బడిలో చదవడం లేదు. మరి చైర్మన్ ఎలా అయ్యారంటే, ఎన్నికలు పెట్టిన ఏడాది ఒక దుప్పి ఆయన మీద నామినేషన్ వేశాడు. వేసి, దాహమేసి రేవుకి వెళ్లాడు. ఆ తర్వాత జలంధరయ్యగారు ఏకగ్రీవంగా ఎన్నికయ్యారు.

ఆ దుప్పి కూతురే మూడో తరగతి చదువుతున్న చుక్కమ్మ.

కంటకేశ్వరి టీచరు ఏ పాఠం వదిలేసినా ఒక్క పాఠం మాత్రం వదిలేది కాదు. దాని పేరు 'అడవిలో అపాయాలు'. ఎండలు ముదిరితే చిన్న చిన్న గుంటలన్నీ ఎండిపోయి అందరూ వాగుకే వెళ్లాలి కాబట్టి, ఆ లోపే అది చెప్పి తీరాలి. ఏటా పిల్లల్ని వాగు గట్టు మీది మద్దిచెట్టు దాకా తీసుకెళ్లి, నేల మీదికి పొడుచుకొచ్చిన దాని వేరు చూపించి, ఇది దాటి ఎవరూ అవతల అడుగు పెట్టకూడదని చెప్పేది. పిల్లలు సరేనని తలలూపి, సీతాకోకచిలుకల వెంట పడేవారు. ఆమె వాళ్ల వెంట పడేది.

అలా ఉండగా విద్యాధికారి నుంచి సర్క్యులర్ వచ్చింది.

విద్యాధికారి కొంగ. పేరు ధ్యానేశ్వరరావు. ఒంటికాలి మీద నిలబడి కళ్లు మూసుకుంటే ఆయన విద్య గురించి ఆలోచిస్తున్నారని ఆఫీసులో అందరూ అనుకునేవారు. ఆ ఆలోచనల్లోంచి పుట్టిందే ఈ సర్క్యులర్. నోటితో పాఠం చెప్పే రోజులు పోయాయి. ఇకమీదట ప్రతి బడీ ఒక పాఠాన్ని మల్టీమీడియా స్లైడ్ షోగా తయారుచెయ్యాలి. అందులో ఫొటోలుండాలి, వీడియోలుండాలి, చప్పుళ్లుండాలి. టీచరు ఒక్కరే చేస్తే చెల్లదు. పిల్లలు, తల్లిదండ్రులు, కమిటీ సభ్యులు, అడవి పెద్దలు అందరూ కలిసి చెయ్యాలి. అందరికీ లింకు పంపాలి, అందరికీ దిద్దే హక్కు ఇవ్వాలి. చైర్మన్ సంతకంతో నెలాఖరుకి అప్‌లోడ్ చెయ్యని బడిని నిద్రపోతున్న బడిగా లెక్కకట్టి, అవతలి మోడల్ స్కూల్లో విలీనం చేస్తారు.

చివరి వాక్యం దగ్గర కంటకేశ్వరి టీచరు ఆగిపోయింది. విలీనం అంటే పదకొండు మంది పొద్దునా సాయంత్రం రేవు దాటాలి. పొద్దున పదకొండు మంది వెళితే సాయంత్రం ఎంతమంది తిరిగొస్తారన్న లెక్క ఆమె పిల్లలకి ఎప్పుడూ ఇవ్వలేదు. ఇవ్వాలని కూడా లేదు.

రెండు రోజుల ట్రైనింగుకి వెళ్లింది. అక్కడ పాఠం చెప్పింది ఒక తొండ. ఎవరేమడిగినా తల ఊపడం ఆయన పద్ధతి. స్లైడు ఎలా పెట్టాలి, బొమ్మ పక్కన గొంతు ఎలా రికార్డు చెయ్యాలి, పక్కవాళ్ల స్లైడు కింద కామెంటు ఎలా రాయాలి అన్నీ చూపించాడు. కంటకేశ్వరి టీచరు ఒక్క ప్రశ్న అడిగింది. అందరూ దిద్దవచ్చు సరే, చివరికి ఏది నిజమో తేల్చేది ఎవరు?

తొండ చాలాసేపు తల ఊపాడు. "చాలా మంచి ప్రశ్న మేడం. ఇందులో ఉన్న అందమే అది," అన్నాడు. తర్వాత టీ ఇచ్చారు, గ్రూప్ ఫొటో తీశారు, ఒక ట్యాబు చేతిలో పెట్టి పంపించారు.

ట్యాబు వచ్చింది గానీ బడిలో సిగ్నలు లేదు. పొదల్లో లేదు, పుట్ట ఎక్కితే లేదు. వెతగ్గా వెతగ్గా మద్దిచెట్టు దగ్గర దొరికింది. దాంతో బడి మొత్తం వాగు గట్టుకి మారింది. మొదటి రోజు కంటకేశ్వరి టీచరు గంటకి పదిసార్లు పిల్లల్ని లెక్కపెట్టింది. పిల్లలకి మాత్రం పండగ.

అక్కడ ఆమె ఊహించనిది ఒకటి జరిగింది. పిల్లలు పని మొదలుపెట్టారు.

తలా ఒక స్లైడు పంచుకున్నారు. ఉడుత పిల్ల కొండచిలువ వదిలేసిన కుబుసాన్ని వెతికి తెచ్చి, తోకతో కొలిచి, ఎన్ని తోకల పొడవుందో రాసింది. కుందేలు పిల్లాడు కర్ణయ్య పులి స్లైడు తీసుకున్నాడు. భయంతో కళ్లు మూసుకుని ఫొటోలు తీస్తే అన్నిట్లోనూ వాడి చెవులే పడ్డాయి. చివరికి బురదలో పంజా గుర్తు ఫొటో తీసి, పక్కన తన పాదం పెట్టి చూపించాడు. దానికి కింద తొమ్మిది మంది కామెంట్లు పెట్టారు. ఒకరు తప్పు రాస్తే ఇంకొకరు దిద్దారు, దిద్దినదాని మీద దెబ్బలాడుకున్నారు, దెబ్బలాట తేలక మళ్లీ వెళ్లి చూసొచ్చారు.

తొమ్మిదో స్లైడు మొసలి. అది నాకు కావాలని చుక్కమ్మ అడిగింది. టీచరు వద్దనలేకపోయింది.

చుక్కమ్మ నాలుగు రోజులు మద్దివేరు వెనకాల కదలకుండా కూర్చుంది. జలంధరయ్య ఇసుక మీద ఎండ కాచుకుంటుంటే ఫొటో తీసింది. నీళ్లలోకి దిగేటప్పుడు తోక చరిచిన చప్పుడు రికార్డు చేసింది. తర్వాత తన చిన్న గొంతుతో ఇలా చెప్పి పెట్టింది: "దూరంనుంచి చూస్తే దుంగలాగే ఉంటాడు. కానీ దుంగ నీళ్లు పోయే వైపే పోతుంది. ఈయన నీళ్లకి ఎదురు వస్తాడు."

కంటకేశ్వరి టీచరు ఆ మాట మూడుసార్లు విన్నది. ఇన్నేళ్లుగా తను గొంతు చించుకుని చెప్పినా తలకెక్కని పాఠం నాలుగు రోజుల్లో వీళ్ల ఒంటికి పట్టింది. సీతాకోకచిలుక వేరు దాటి వెళితే ఒక్కడూ వెంటపడటం లేదు. ఆమెకి నిజంగా సంతోషం కలిగింది. ఆ సంతోషంలో తొండనీ కొంగనీ మనసులోనే క్షమించేసింది కూడా.

పదకొండు మంది పదకొండు స్లైడులు ముగించాక, సరదాకి పన్నెండోది ఒకటి చేర్చారు. అందులో టీచరు ఫొటో. 'కంటకేశ్వరి టీచర్. దగ్గరగా వెళితే గుచ్చుకుంటుంది. హోంవర్కు చెయ్యకుండా వెళితే ఇంకా ప్రమాదం.' టీచరు నవ్వి దాన్ని అలాగే ఉంచింది.

సర్క్యులర్ ప్రకారం అందరికీ లింకు పంపింది.

మర్నాడు పొద్దున ట్యాబు తెరిస్తే పులి స్లైడులో పంజా గుర్తు లేదు. దాని స్థానంలో పూలదండ వేసుకున్న పులి, కింద 'అడవికి అండ' అని ఉంది. కొండచిలువ తన స్లైడుని 'మెత్తని ఉయ్యాల' అని మార్చుకుంది. ఎలుగుబంటి తన పేరు పక్కన తేనె పరిశ్రమ వ్యవస్థాపకుడు అని రాసుకుంది. తొమ్మిదో స్లైడులో ఫొటో మాత్రం అలాగే ఉంది. చుక్కమ్మ తీసిన ఫొటో జలంధరయ్యగారికి అంత బాగా నచ్చింది. మారింది కింది రాతే. 'దుంగ. అలిసినవారు దీనిపై కూర్చుని సేద తీరవచ్చు.' తోక చప్పుడు పోయి వీణ వినిపిస్తోంది. చుక్కమ్మ గొంతు లేదు. కింద ఒక కామెంటు: 'పసిమనసుల్లో భయం నింపేది చదువు కాదు. ఇట్లు, చైర్మన్.'

అందరూ ఎవరి స్లైడు వాళ్లు దిద్దుకోగా, దిద్దుకోనిది ఒక్కటే మిగిలింది. అడవిలో అపాయాలన్న పాఠంలో ఇప్పుడున్న అపాయం కంటకేశ్వరి టీచరు ఒక్కతే.

ఆమె పగలంతా కూర్చుని పాతవన్నీ తిరిగి పెట్టింది. సాయంత్రానికి మళ్లీ ఉయ్యాలలూ పూలదండలూ వచ్చేశాయి. ఆమె మళ్లీ మార్చింది. వాళ్లూ మళ్లీ మార్చారు. ఆమెది ఒక్క ట్యాబు, అవతల అడవి అడవంతా ఉంది. చివరికి విసిగి విద్యాధికారికి ఫోన్ చేసింది.

ధ్యానేశ్వరరావుగారు ఆమెని మెచ్చుకున్నారు. ఆమె స్లైడ్ షోకి ఇప్పటికి నాలుగొందల పన్నెండు సవరణలు వచ్చాయట. ఇన్ని సవరణలు వచ్చిన పాఠం ఈ చుట్టుపక్కల మరొకటి లేదట. నలుగురి చెయ్యి పడితేనే నాణ్యత అనీ, అభ్యంతరాలుంటే ఆమె కూడా ఒక కామెంటు పెట్టుకోవచ్చనీ చెప్పి ఫోను పెట్టేశారు.

నెలాఖరుకి ఒక్కరోజు ఉందనగా చైర్మన్‌గారు స్వయంగా వేరు దగ్గరికి వచ్చారు. పిల్లలు అప్పటికే వెనక్కి జరిగి నిలబడ్డారు.

"అమ్మా కంటకేశ్వరీ, ఇంకా ఎందుకు పంతం?" అన్నాడు జలంధరయ్య. ఆయన గొంతు ఎప్పుడూ మెత్తగానే ఉంటుంది. "ఉన్నది ఉన్నట్టు నువ్వు ఆమోదం నొక్కు, నేను సంతకం పెడతాను. బడి ఇక్కడే ఉంటుంది. నొక్కనంటావా, నీ ఇష్టం. బడి అవతలికి పోతుంది. పిల్లలకి దారి చూపించడానికి నేను ఎలాగూ రేవులోనే ఉంటాను."

ఆమె ముళ్లు గలగలమన్నాయి. ఆయన చిన్నగా నవ్వి, పన్నెండో స్లైడులో నీ గురించి రాసింది నిజమే సుమా అన్నాడు.

ఆయన వెళ్లాక ఆమె చాలాసేపు ట్యాబు ముందు కూర్చుంది. ఎటు చూసినా గెలిచేది ఆయనే. అబద్ధం పాఠం మీద తన పేరుంటుంది, కానీ పిల్లలు రేవు దాటక్కర్లేదు. ఆమె ఆమోదం నొక్కింది. నొక్కాక తన మీద తనకే అసహ్యం వేసింది.

చుక్కమ్మ ఇదంతా చూస్తూనే ఉంది.

"టీచర్, అయితే పరీక్షలో మా నాన్నని దుంగ తినేసిందని రాయాలా?"

ఆమె ట్యాబు మూసి పక్కన పెట్టింది. "పరీక్షలో ఏం రాసినా నేను మార్కులు వేస్తాను తల్లీ. రేవు దగ్గర మాత్రం నువ్వు చూసిందే గుర్తుపెట్టుకో," అంది. చుక్కమ్మ తల ఊపి, వెళ్లి మద్దివేరు వెనకాల తన చోట కూర్చుంది.

వారం తిరక్కుండా విద్యాధికారి తనిఖీకి వచ్చారు. మెడలో ఫైళ్ల సంచీ, సంచీలో ఆఫీసు స్టాంపు, వెనకాల తల ఊపుతూ తొండ. సిగ్నలు గట్టు మీదే కాబట్టి ప్రదర్శన కూడా అక్కడే పెట్టారు. చైర్మన్‌గారు హోదాకి తగ్గట్టు ముందే వచ్చి, వేరుకి అవతల ఇసుక మీద బారుగా పడుకుని ఉన్నారు. తన స్లైడు పేరు నిలబెట్టాలని కాబోలు, కన్ను కూడా కదపలేదు.

ప్రదర్శన బ్రహ్మాండంగా సాగింది. పూలదండ పులికి కొంగ రెక్కలు చరిచాడు. ఉయ్యాల స్లైడు దగ్గర ముచ్చటపడ్డాడు. వీణ వినిపించినంతసేపూ కళ్లు మూసుకుని ఒంటికాలి మీద నిలబడ్డాడు. అంతా అయ్యాక గొంతు సవరించుకుని, ఇంత చక్కని పని ఇలాంటి మూల బడిలో పడి ఉండటం అన్యాయమని తేల్చాడు. అందుకని బహుమానంగా ఈ బడిని మోడల్ స్కూల్లో విలీనం చేస్తున్నానన్నాడు. సంచీలోంచి ఆర్డరు కాగితం తీశాడు. అది అంతకు ముందే టైపు చేసి ఉంది.

కంటకేశ్వరి టీచరు ఆమోదం నొక్కమంటే నొక్కింది, అబద్ధం ఒప్పుకోమంటే ఒప్పుకుంది, చివరికి రేవు మాత్రం తప్పలేదు. "అయ్యా, కొంచెం నా మాట వినండి," అంటూ ఆయన దగ్గరికి నడిచింది.

కొంగ ఒక అడుగు వెనక్కి వేశాడు. పన్నెండో స్లైడు ఇప్పుడే చూశాడు కదా. ఆమె ఇంకో అడుగు ముందుకి వేస్తే ఆయన ఇంకో రెండడుగులు వెనక్కి వేశాడు. అలా వెనక్కి వెనక్కి వెళ్లి మద్దివేరు దాటాడు. కాలు తడవకుండా నిలబడే చోటు కోసం చూస్తే, ఇసుక మీద పొడవాటి దుంగ ఒకటి కనిపించింది.

"సార్, ఆగండి. అది దుంగ కాదు," అంది చుక్కమ్మ.

"తొమ్మిదో స్లైడు పాపా," అన్నాడు కొంగ, ఆ పిల్ల వైపు జాలిగా చూసి. "అలిసినవారు సేద తీరవచ్చు. మీ టీచరు ఆమోదించింది, నేనూ ఆమోదించాను." ఎగిరి ఎక్కి, ఒక కాలు ముడుచుకుని, ముక్కుతో స్టాంపు పట్టుకుని ఆర్డరు మీదికి వంగాడు.

జలంధరయ్యగారి గురించి ఉన్నమాట చెప్పుకోవాలి. ఆయన నిగ్రహించుకున్నారు. హోదా గుర్తు తెచ్చుకున్నారు, కమిటీ పరువు గుర్తు తెచ్చుకున్నారు. కానీ వీపు మీద కొవ్వుపట్టిన కొంగ కదులుతుంటే ఎంతసేపని దుంగగా ఉంటారు? ఒక్కసారి ఒళ్లు విదిల్చారు. కొంగ గిర్రున తిరిగి ఆయన ముందే పడ్డాడు. పెద్ద నోరు తెరుచుకుని టప్పున మూసుకుంది. సంచీ, ఆర్డరు, స్టాంపు లోపలికి పోయాయి. కొంగ తోక ఈకలు పళ్ల మధ్య ఇరుక్కున్నాయి.

తొండ ఒక్క దూకుతో మద్దిచెట్టెక్కి, అక్కణ్నించి తల ఊపాడు.

కంటకేశ్వరి టీచరు ముందు వెనక్కి తిరిగి పిల్లల్ని లెక్కపెట్టింది. పదకొండు. ఒక్కరూ వేరు దాటలేదు. అప్పుడు ముళ్లన్నీ నిక్కబొడుచుకుని, వెనక్కి నడుస్తూ తనే వేరు దాటింది. అలాగే వెనక్కి వెళ్లి మొసలి మూతికి తగిలింది. నోరు మెదపని దుంగ కుయ్యోమంది. ఆ సందులో కొంగ తోక ఈకలన్నీ అక్కడే వదిలేసి గట్టెక్కి పడ్డాడు. జలంధరయ్య మూతినిండా ముళ్లతో వాగులో మునిగిపోయాడు. నీళ్లకి ఎదురుగా పోయాడు.

"టీచర్, మీరు వేరు దాటారు," అన్నాడు కర్ణయ్య, నమ్మలేనట్టు.

ఆమె ఒప్పుకుంది. రేపు హోంవర్కు తనే చేసుకొస్తానంది.

ఆ తర్వాత ఆఫీసులో పెద్ద చిక్కు వచ్చి పడింది. స్టాంపు లేనిదే విలీనం ఆర్డరు చెల్లదు. కొత్త స్టాంపు కావాలంటే పాత స్టాంపు వేసిన దరఖాస్తు పెట్టాలి. పాత స్టాంపు చైర్మన్‌గారి కడుపులో ఉంది. ఆ ఫైలు ఇప్పటికీ కదల్లేదు.

ఇంతకన్నా పెద్ద చిక్కు తోక ఎలా పోయిందో రిపోర్టు రాయడం. మొసలి కరిచిందని రాస్తే, ఆమోదం పొందిన పాఠంలో మొసలి లేదు కదా అని పైవాళ్లు అడుగుతారు. తప్పు పాఠాన్ని ఆమోదించినది ఎవరని కూడా అడుగుతారు. ధ్యానేశ్వరరావుగారు రెండు రోజులు ఒంటికాలి మీద ఆలోచించి ఒక్క వాక్యం రాశారు: 'విధి నిర్వహణలో ఉండగా నన్ను దుంగ కరిచినది.'

పైవాళ్లు కంగారుపడ్డారు. వెంటనే అడవి మొత్తానికి సర్క్యులర్ వెళ్లింది. ఈ పాఠాన్నే తొమ్మిదో స్లైడు మార్చి అన్ని బడులకీ పంపారు. చుక్కమ్మ తీసిన ఫొటో అదే. కింద ఎర్ర అక్షరాలతో, 'దుంగ. అత్యంత ప్రమాదకరం. వాగు దగ్గర ఎక్కడ కనిపించినా సమీపించరాదు.' వీణ తీసేసి అసలు చప్పుడు మళ్లీ పెట్టారు. ఇక ఎవరూ దిద్దకుండా తాళం కూడా వేశారు.

జలంధరయ్యగారు అభ్యంతరం చెబుతూ ఉత్తరం రాయబోయి ఆగిపోయారు. దుంగ తరఫున తనెందుకు మాట్లాడుతున్నారని అడిగితే ఏం చెప్పాలో ఆయనకి తోచలేదు. ఆ ఎండాకాలం రేవులో ఆయన చాలా చిక్కిపోయారు.

పరీక్షలు వచ్చాయి. అడవిలో అన్నిటికన్నా పెద్ద అపాయం ఏది అన్న ప్రశ్నకి చుక్కమ్మ జవాబు రాసింది: 'దుంగ. నీళ్లకి ఎదురొచ్చే దుంగ.' కంటకేశ్వరి టీచరు దానికి పూర్తి మార్కులు వేసి, ఆ కాగితాన్ని చాలాసేపు కింద పెట్టలేకపోయింది.

నీతి: అందరూ కలిసి దిద్దిన పాఠంలో మొసళ్లుండవు, అవి వాగులోనే ఉంటాయి.